గడువు తెలిసిన ఊరు: విపత్తుల రకాలు, అవి తెచ్చే ముప్పు

తెనాలి నుంచి రేపల్లె మీదుగా నిజాంపట్నం వరకు, అక్కడి నుంచి తీరం వెంట బాపట్ల, సూర్యలంక వరకు పరచుకున్న కృష్ణా పశ్చిమ డెల్టా ఏ కారణాల వల్ల సారవంతమైన నేలగా పేరు తెచ్చుకుందో, అవే కారణాల వల్ల తరచుగా విపత్తుల బారిన పడుతోంది. నది వేల ఏళ్ళుగా తెచ్చి పోసిన ఒండ్రు ఈ నేలకు పంటనిచ్చింది. ఆ ఒండ్రు నేల ఎత్తుపల్లాలు పెద్దగా లేకుండా సముద్రం వైపు అతి నెమ్మదిగా వాలి ఉండడం వల్ల ఎగువ నుంచి వచ్చిన నీరు త్వరగా దిగిపోదు, సముద్రం పొంగితే అడ్డుకునే మిట్ట ఎదురుగా ఉండదు. ఇక్కడ నివసించే కుటుంబానికి విపత్తుల గురించిన అవగాహన చదువు, ఆరోగ్యం, పొదుపు వంటి జీవన నైపుణ్యాలతో సమానమైన అవసరం. విపత్తుల రకాలను గుర్తించడం, ఒక్కొక్కటి ముందుగా ఎంత గడువు ఇస్తుందో తెలుసుకోవడం, ఆ గడువులో ఏ పని పూర్తి కావాలో, ముందుగా ఎవరిని కదిలించాలో నిర్ణయించుకోవడం ఈ అధ్యాయం లక్ష్యం.

ఆపద, ముప్పు, విపత్తు

వాడుకలో ఈ మూడు మాటలు ఒకదాని బదులు ఒకటి వస్తుంటాయి గాని, సిద్ధపాటు గురించి ఆలోచించేటప్పుడు వీటిని విడదీయడం అవసరం. ప్రాణానికి, ఆస్తికి, జీవనోపాధికి హాని చేయగల ఘటనను ఆపద అనవచ్చు; తుపాను, వరద, పిడుగు, విషవాయువు లీకు కావడం ఆపదలు. ఆ ఆపద వల్ల ఒక సమాజానికి ఎంత నష్టం కలిగే అవకాశం ఉందో ఆ అంచనా పేరు ముప్పు. ఆపద వచ్చి, బాధితులు తమ సొంత శక్తితో తట్టుకోలేనంత నష్టం జరిగినప్పుడు అది విపత్తు అవుతుంది. 2005లో పార్లమెంటు ఆమోదించిన విపత్తు నిర్వహణ చట్టం కూడా ఆ ప్రాంత సమాజపు తట్టుకునే శక్తిని మించిపోవడాన్ని విపత్తు నిర్వచనంలో భాగం చేసింది.

ముప్పును నిర్ణయించే అంశాలు నాలుగు. మొదటిది ఆపద తీవ్రత. రెండవది దాని దారిలో ఎందరు మనుషులు, ఎన్ని ఇళ్ళు, ఎంత పంట ఉన్నాయన్నది. మూడవది దుర్బలత, అంటే తాటాకు ఇల్లు, వృద్ధాప్యం, అప్పు, సమాచారం అందకపోవడం వంటి కారణాల వల్ల ఒకే దెబ్బ ఒకరికి మరొకరి కంటే గట్టిగా తగలడం. నాలుగవది సామర్థ్యం, అంటే హెచ్చరిక వ్యవస్థ, పక్కా ఆశ్రయం, నడవగల దారి, ఇరుగుపొరుగు సాయం, చేతిలో నాలుగు రోజులకు సరిపడే సరుకులు. మొదటి అంశం మనుషుల చేతిలో చాలా వరకు లేదు. మిగిలిన మూడూ చాలా వరకు మనుషుల చేతిలోనివే.

ఈ మాట నిజమని రెండు తుపానులను పక్కపక్కన పెట్టి చూస్తే తేలుతుంది. 1977 నవంబరు 19న చీరాల, నిజాంపట్నం మధ్య తీరాన్ని దాటిన తుపానులో దాదాపు ఐదు మీటర్ల ఎత్తున ఉప్పెన లేచి దివిసీమను ముంచెత్తగా, అధికారిక లెక్కల ప్రకారమే పది వేల మంది వరకు చనిపోయారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం సమీపంలో తీరం దాటిన తుపాను కూడా భయంకరమైనదే, అది వీచిన తీరమూ దాదాపు అదే, పైగా ఆ పదమూడేళ్ళలో తీర గ్రామాల జనాభా పెరిగింది. అయినా మరణాలు వెయ్యి లోపే ఆగాయి. 1977లో హెచ్చరికను చివరి గుడిసె దాకా చేర్చి, జనాన్ని కదిలించి, తలదాచుకునే పక్కా చోటు చూపించే ఏర్పాటు లేదు. 1990 నాటికి మచిలీపట్నంలో తుపానులను కనిపెట్టే రాడార్, ఉపగ్రహ చిత్రాలు, తీరం వెంట తుపాను రక్షిత భవనాలు ఉన్నాయి. అంతకంటే ముఖ్యంగా, గాలి అందుకోకముందే లక్షల మందిని తరలించగలిగిన పాలనా యంత్రాంగమూ, 1977ను మరచిపోని ప్రజలూ ఉన్నారు. వెయ్యి ప్రాణాలు చిన్న సంఖ్య ఎంతమాత్రం కాదు. కానీ ఆ రెండు సంఖ్యల మధ్య ఉన్న తేడా సిద్ధపాటు కాపాడిన ప్రాణాలను చూపుతుంది.

గడువును బట్టి విభజన

పుస్తకాలలో విపత్తులను సాధారణంగా పుట్టుకను బట్టి విభజిస్తారు. తుపాను, వరద, కరువు, వడగాలి, పిడుగు వాతావరణానికి, జలానికి సంబంధించినవి, భూకంపం, సునామీ భూగర్భానికి సంబంధించినవి, అంటువ్యాధులు జీవసంబంధమైనవి, అగ్నిప్రమాదం, విషవాయువు లీకేజీ, పడవ మునక వంటివి మానవ కార్యకలాపాల వల్ల కలిగేవి. శాస్త్రజ్ఞానానికి ఈ విభజన అవసరమే. కుటుంబానికీ గ్రామానికీ మాత్రం మరొక విభజన ఎక్కువగా ఉపయోగపడుతుంది: ఆపద ఎంత ముందుగా తన రాకను తెలుపుతుందన్నది. తుపాను మూడు రోజుల గడువిస్తుంది, ఎగువ నుంచి వచ్చే నది వరద ఒకటి రెండు రోజులు, కొన్నిసార్లు కొన్ని గంటలు మాత్రమే ఇస్తుంది, పిడుగు నిమిషాలిస్తుంది, భూకంపం అసలేమీ ఇవ్వదు, భూగర్భ జలం ఉప్పుబారడం ఏళ్ళ తరబడి గడువిచ్చినా ఎవరి దృష్టినీ ఆకర్షించదు. గడువు ఉన్న ఆపదకు ఆ గడువులో చేయవలసిన పనుల వరుస కావాలి. గడువు లేని ఆపదకు అన్ని రోజులూ అమలులో ఉండే జాగ్రత్త కావాలి.

మూడు రోజుల గడువు: తుపాను, ఉప్పెన

బంగాళాఖాతంలో తుపానులు ఎక్కువగా ఏప్రిల్, మే నెలలలోను, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఉన్న కాలంలోను వస్తాయి. వెచ్చని సముద్రజలాల మీద ఏర్పడిన అల్పపీడనం బలపడి, గాలివేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం అంటారు; 51 దాటితే తీవ్ర వాయుగుండం, 63 దాటితే తుపాను, 89 దాటితే తీవ్ర తుపాను, 118 దాటితే అతి తీవ్ర తుపాను అవుతుంది. భారత వాతావరణ శాఖ తుపాను సూచనలను అంచెలవారీగా ఇస్తుంది: దాదాపు 72 గంటల ముందు పరిశీలన ప్రకటన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక, తీరం దాటడానికి సుమారు 12 గంటల ముందు, తీరం దాటాక లోపలి ప్రాంతాల పరిస్థితి ఎలా ఉంటుందో తెలిపే ప్రకటన.

నిజాంపట్నం, మచిలీపట్నం వంటి రేవులలో ఎగురవేసే ప్రమాద సూచికల విషయంలో ఒక పొరపాటు అభిప్రాయం బలంగా నాటుకుంది. అంకె పెరిగిన ప్రతిసారీ గాలి అంత పెరిగినట్టేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒకటి, రెండు సూచికలు దూరాన సముద్రంలో ఉన్న ప్రమాదాన్ని, మూడు, నాలుగు రేవుకు కలగగల ప్రమాదాన్ని తెలుపుతాయి. ఐదు, ఆరు, ఏడు ఒకే స్థాయి ప్రమాదాన్ని సూచిస్తూ తుపాను రేవుకు ఏ పక్కగా దాటుతుందో, లేదా రేవు మీదుగానే దాటుతుందో చెబుతాయి. ఎనిమిది, తొమ్మిది, పది అంతకంటే పెద్ద ప్రమాదాన్ని అదే పద్ధతిలో తెలుపుతాయి. పదకొండు సమాచార సంబంధాలు తెగిపోయాయని అర్థం. కాబట్టి ఎనిమిదో నంబరు ఎగిరినప్పుడు పదో నంబరు కోసం ఎదురుచూడడం ప్రమాదకరం. ఆ మూడింటిలో ఏది ఎగిరినా తరలింపు అప్పటికే పూర్తయి ఉండాలి.

తుపానులో ప్రాణాలను ఎక్కువగా తీసేది ఉప్పెన. తీవ్రమైన గాలి సముద్రపు నీటిని తీరం వైపు నెట్టడం వల్ల, తుపాను కేంద్రంలో వాయుపీడనం తగ్గి నీటిమట్టం కొంత పైకి లేవడం వల్ల ఉప్పెన పుడుతుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువగా ఉన్నచోట ఆ నీరు మరింత ఎత్తుకు లేస్తుంది, అదే సమయానికి పోటు కూడా ఉంటే ప్రమాదం రెట్టింపవుతుంది. ఉత్తరార్ధగోళంలో తుపాను గాలులు గడియారపు ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి కనుక, తూర్పు నుంచి వచ్చి తీరం దాటే తుపానుకు ఉత్తరపు పక్కన గాలి సముద్రం నుంచి నేల మీదికి వీస్తుంది, దక్షిణపు పక్కన నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. 1977లో తుపాను చీరాల, నిజాంపట్నం మధ్య దాటినా ఉప్పెన తీవ్రత అంతా దానికి ఈశాన్యంగా ఉన్న దివిసీమ మీద పడడానికి కారణం ఇదే. తుపాను కేంద్రం తమ ఊరికి దక్షిణంగా దాటుతుందని విని ఊపిరి పీల్చుకునే తీర గ్రామం అసలు ప్రమాదపు పక్కనే ఉండిపోవచ్చు.

తుపాను కన్ను గురించిన అవగాహన కూడా అంతే అవసరం. కేంద్రం ఊరి మీదుగా వెళ్తున్నప్పుడు గాలి ఉన్నట్టుండి ఆగి, వాన తగ్గి, ఆకాశం తేటపడినట్టు కనిపిస్తుంది. గండం గడిచిందనుకుని పశువులను చూడడానికో ఇంటి కప్పును సరిచేయడానికో బయటికి వెళ్ళినవారిని కొద్దిసేపటిలోనే ఎదురు దిశ నుంచి అంతే తీవ్రమైన గాలి వచ్చి తాకుతుంది. అధికారికంగా ప్రకటన వెలువడేవరకు రక్షిత భవనం వదలకూడదన్న నియమానికి ఆధారం ఈ భౌతిక సత్యం.

తుపాను ప్రాణనష్టం లేకుండా కూడా విపత్తు కాగలదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీవ్ర తుపాను గంటకు 90 నుంచి 100 కిలోమీటర్ల గాలివేగంతో బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు, తరలింపు సకాలంలో జరిగినందువల్ల ప్రాణాలు చాలా వరకు దక్కాయి, కానీ కోతకు వచ్చిన వరి నేలకు ఒరిగింది, కోసి పరిచిన పనలు నీటిలో నానాయి. డెల్టాలో ఖరీఫ్ వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలలలో జరుగుతాయి, తుపానుల కాలమూ అదే. బాపట్ల పరిశోధన కేంద్రంలో రూపొంది దేశమంతటా పేరు తెచ్చుకున్న బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, ఎక్కువ రోజుల పంట కావడం వల్ల ఈ ఇబ్బందికి తరచుగా గురవుతుంది. నీటి విడుదల ముందుగా జరిగి నాట్లు తొందరగా పడడం, గాలికి పడిపోని, తక్కువ కాలంలో కోతకు వచ్చే రకాలను కొంత విస్తీర్ణంలోనైనా వేయడం, కోసిన పంటను కుప్ప వేసి కప్పడానికి టార్పాలిన్లు రైతు దగ్గర ముందే ఉండడం వంటివి పొలానికి సంబంధించిన తుపాను రక్షణ చర్యలు.

ఎండ కాస్తుండగా వచ్చే వరద

కృష్ణా వరదకు స్థానిక వర్షంతో సంబంధం ఉండనవసరం లేదు. మహారాష్ట్ర, కర్ణాటక, తెలంగాణలలో కురిసిన వాన శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల దాటి విజయవాడ ప్రకాశం బరాజుకు చేరి, అక్కడి నుంచి లంకలను ముంచుతూ సముద్రం వైపు సాగుతుంది. అందువల్ల కొల్లిపర, కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె మండలాల నదీతీరంలో ఆకాశం నిర్మలంగా ఉన్న రోజునే వరద రావచ్చు. 2009 అక్టోబరులో కర్నూలును ముంచిన వరద ప్రకాశం బరాజు వద్దకు 11 లక్షల క్యూసెక్కులకు పైగా చేరినప్పుడు, కుడి కరకట్టకు ఓలేరు వద్ద గండి పడి రేపల్లె ప్రాంతంలోని ఊళ్ళు నీట మునిగాయి. 2024 సెప్టెంబరు మొదటి వారంలో ఆ రికార్డును కూడా దాటి దాదాపు 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. ఆ లెక్కన నాడు బరాజు గేట్ల గుండా సెకనుకు 3 కోట్ల లీటర్లకు మించిన నీరు కిందికి పోయింది.

2024 అనుభవం నేర్పిన పాఠం గడువు గురించినదే. పై ప్రాజెక్టుల నుంచి వచ్చే నీటిని రోజుల ముందే అంచనా వేయవచ్చు. కానీ పులిచింతలకు దిగువన కలిసే మునేరు, వైరా వంటి నదులు, ఏరులు ఒకేసారి పొంగినప్పుడు ఆ నీటిని ఆపే పెద్ద జలాశయం మధ్యలో లేదు, కాబట్టి గడువు గంటలకు కుదించుకుపోతుంది. ప్రకాశం బరాజు వద్ద దాదాపు 4 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, దాదాపు 5.7 లక్షలకు రెండవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. లంక గ్రామాల కుటుంబాలు ఈ అంకెలను తమ వాకిటికి అనువదించుకోవాలి. ఎన్ని లక్షల క్యూసెక్కులకు తమ రేవు దారి తెగుతుందో, ఎన్నింటికి అరటి, పసుపు, కంద తోటల్లోకి నీరు వస్తుందో, ఎన్నింటికి ఇంటి గడప తాకుతుందో గత వరదల అనుభవంతో పెద్దలకు తెలిసే ఉంటుంది. ఆ జ్ఞానాన్ని పోతార్లంక, చిలుమూరు లంక వంటి ఊళ్ళలో పాఠశాల గోడ మీద, రచ్చబండ దగ్గర రంగు గీతలుగా గుర్తిస్తే కొత్త తరానికీ, బయటి నుంచి వచ్చిన అధికారికీ ఒకేసారి అర్థమవుతుంది.

కరకట్ట గురించి ఒక హెచ్చరిక అవసరం. గట్టు ఉన్నంతవరకు దాని వెనుక ఊరు క్షేమంగా ఉంటుంది గనుక, ఆ క్షేమం శాశ్వతమన్న నమ్మకం ఏర్పడి గట్టు పక్కనే ఇళ్ళు, పొలాలు పెరుగుతాయి. గండి పడిన రోజున నీరు నదిలో పెరిగినట్టు నెమ్మదిగా పెరగక, ఒక్కసారిగా దూకుతుంది. ఎలుక బొరియలు, ట్రాక్టర్ల రాకపోకలకు కోసిన దారులు, మట్టి తవ్వకాలు గట్టును బలహీనపరుస్తాయి. గట్టు అవతలి వైపు చెమ్మ ఊరడం, బురద నీరు బుడబుడమని పైకి రావడం గండికి ముందస్తు సూచనలు. వాటిని చూసినవారు క్షణం ఆలస్యం చేయకుండా జలవనరుల శాఖ సిబ్బందికి తెలియజేయాలి.

పోయే దారి లేని నీరు

నది పొంగకుండానే డెల్టాలో ముంపు రావచ్చు. అంచు లేచిన పళ్ళెంలో పోసిన నీటిలా, చదునైన ఈ భూముల మీద కురిసిన భారీ వర్షం రేపల్లె మెయిన్ డ్రెయిన్, తుంగభద్ర డ్రెయిన్, బాపట్ల వైపు నల్లమడ, రొంపేరు వంటి మురుగు కాలువల ద్వారా మాత్రమే బయటికి పోగలదు. ఆ కాలువల్లో గుర్రపుడెక్క, తూటికాడ అల్లుకుపోయినా, గట్లు ఆక్రమణకు గురైనా, చేపల కోసం అడ్డుకట్టలు వేసినా నీరు వెనక్కి తంతుంది. సముద్రం పోటు మీద ఉంటే ముఖద్వారం దగ్గరే ఆగిపోతుంది. ఈ రకపు ముంపు మనుషులను అరుదుగా చంపుతుంది గాని, వరి నారును కుళ్ళబెట్టి, తెనాలి పల్లపు వీధుల్లో మురుగునూ తాగునీటినీ కలిపి, విరేచనాలు, టైఫాయిడ్, డెంగీ వంటి రోగాలకు దారి తీస్తుంది. వేసవిలో డ్రెయిన్ల పూడిక తీయించడం, పట్టణాల్లో కాలువలలోకి ప్లాస్టిక్ వ్యర్థాలు పడకుండా చూడడం, ముంపు తగ్గాక నీటిని మరిగించి తాగడం చాలా చిన్న పనులుగా కనిపిస్తాయి. ఈ విపత్తుకు నిజమైన నివారణ అక్కడే ఉంది.

నిమిషాల గడువు, గడువే లేని ఆపదలు

పిడుగుల విషయంలో ఆంధ్రప్రదేశ్‌కు చేదు అనుభవం ఉంది. 2018 ఏప్రిల్ 24న పదమూడు గంటల వ్యవధిలో రాష్ట్రంలో 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి. పొలాల్లో వంగి పనిచేసే కూలీలు, పశువుల కాపరులు, చెట్టు కింద నిలబడేవారు ఎక్కువగా బలవుతారు. మెరుపు కనిపించిన తరువాత 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే ప్రమాదం సమీపంలో ఉన్నట్టు లెక్క. వెంటనే పక్కా భవనంలోకి వెళ్ళి, చివరి ఉరుము విన్నాక మరో అరగంట వరకు బయటికి రాకుండా ఉండాలి. తాటిచెట్టు, విద్యుత్తు స్తంభం, నీరు నిలిచిన మడి, రేకుల పాక ఆశ్రయాలు కావు.

సునామీ అరుదైనదే అయినా 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర పుట్టిన అలలు రెండు మూడు గంటల్లో ఆంధ్ర తీరాన్ని తాకి వంద మందికి పైగా ప్రాణాలు తీశాయి. ఆ తరువాత హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం 2007లో ప్రారంభమైంది. సముద్రం ఎన్నడూ లేనంతగా వెనక్కి తగ్గి ఇసుక మేట బయటపడితే, దానిని వింతగా చూడడానికి వెళ్ళకుండా లోపలికి పరుగెత్తడం సూర్యలంక, నిజాంపట్నం వంటి చోట్ల పిల్లలకు కూడా తెలిసి ఉండవలసిన విషయం. భూకంపం విషయానికి వస్తే, 1967 మార్చి 27న ఒంగోలు ప్రాంతంలో 5.4 తీవ్రతతో భూమి కంపించింది, 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో వచ్చిన 5.3 తీవ్రత గల ప్రకంపనలు విజయవాడ వరకు తెలిశాయి. చెరువులను పూడ్చి, మెత్తని ఒండ్రు మీద సరైన పునాది లేకుండా అంతస్తులు లేపే పట్టణాలకు ఇది పట్టించుకోవలసిన సంగతి.

మానవ కార్యకలాపాల వల్ల కలిగే ఆపదలు కూడా గడువివ్వవు. 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరీన్ ఆవిరి లీకై పన్నెండు మంది మరణించిన ఘటన తెల్లవారుజామున, ఊరు నిద్రలో ఉండగా జరిగింది. తెనాలి, దుగ్గిరాల పరిసరాల్లో అంత పెద్ద రసాయన కర్మాగారాలు లేకపోయినా, శీతలీకరణకు అమ్మోనియా వాడే కోల్డ్ స్టోరేజీలు, ఐస్ ఫ్యాక్టరీలు ఉండే చోట వాటి పక్క వీధుల వారికి కొన్ని విషయాలు తెలిసి ఉండాలి: ఘాటైన వాసన వస్తే గాలి వీచే దిశకు అడ్డంగా దూరం వెళ్ళాలి, తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకోవాలి, అగ్నిమాపక శాఖకు వెంటనే తెలపాలి.

నెమ్మదిగా సాగే విపత్తులు

వడగాలి ఒక్క రోజులో కనిపించే విధ్వంసం చేయదు. అయినా 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. తీర ప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ కావడంతో చెమట ఆరక శరీరం చల్లబడదు, కాబట్టి ఉష్ణోగ్రత పల్నాడులో కంటే రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉన్నా ఇక్కడి పొలం కూలీకి, ఇటుక బట్టీ కార్మికుడికి అంతే ప్రమాదం ఉంటుంది. మరొకటి నేల ఉప్పుబారడం: నదిలో నీరు తగ్గి, బోర్ల ద్వారా భూగర్భ జలం ఎక్కువగా తోడిన చోట సముద్రపు నీరు అడుగు నుంచి లోపలికి వస్తుంది, ఉప్పునీటి చెరువుల సాగు విస్తరించిన చోట పక్క పొలాలకూ ఉప్పు పాకుతుంది. నిజాంపట్నం, అడవులదీవి, లంకెవానిదిబ్బ పరిసరాల్లోని మడ అడవులు తరిగిపోవడం మరొక నెమ్మది విపత్తు. వేళ్ళతో బురదను పట్టి ఉంచి అలల బలాన్ని తగ్గించే ఆ చెట్లు పోయినకొద్దీ, రాబోయే ఉప్పెన ఊరికి అంత దగ్గరవుతుంది.

దెబ్బ ముందు ఎవరికి?

ఒకే వరద ఒకే ఊరిలో అందరికీ ఒకే విపత్తు కాదు. కాలువ గట్ల మీద, డ్రెయిన్ల అంచున గుడిసెలు వేసుకున్న యానాది కుటుంబాలకు హెచ్చరిక చివరగా చేరుతుంది, నీరు ముందుగా చేరుతుంది. వేటకు వెళ్ళిన మత్స్యకారుడికి గడువు తీరానికి చేరే సమయంతో సహా లెక్కించాలి. కౌలు రైతు పెట్టుబడి, అప్పు తనవి కాగా, కాగితం మీద భూమి మరొకరిది కావడం వల్ల నష్టపరిహారం అందక తుపాను పోయిన తరువాత అతనికి రెండవ విపత్తు మొదలవుతుంది; అందువల్ల సాగు మొదట్లోనే పంట సాగు హక్కు పత్రం పొందడం, ఈ-క్రాప్‌లో పేరు నమోదు చేయించుకోవడం కూడా విపత్తు సిద్ధపాటులో భాగమే. నెలలు నిండిన గర్భిణులు, డయాలసిస్ అవసరమైనవారు, మంచాన పడిన వృద్ధులు, చూపు లేనివారు, ఒంటరి స్త్రీలు చివరి గంటలో కదలలేరు. మొదటి హెచ్చరికకే వారిని తరలించాలి. పశువులను వదిలి రాలేక ఆగిపోయి ప్రాణాలు పోగొట్టుకునేవారు ఉంటారు కనుక, పశువులకు మెరక చోటు చూపించని తరలింపు ప్రణాళిక సగం ప్రణాళిక మాత్రమే.

ఆచరణ: ఇంటి లెక్క, ఊరి లెక్క

ఈ అవగాహన పనికి రావాలంటే ప్రతి కుటుంబం ఒక సాయంత్రం కూర్చుని ఐదు ప్రశ్నలకు కాగితం మీద జవాబులు రాసుకోవాలి.

1. ఈ ఇంటికి ఏయే ఆపదలు రాగలవు, గతంలో ఏ ఏడాది నీరు ఎంత ఎత్తుకు వచ్చింది?

2. ఒక్కొక్క ఆపద ఎంత గడువిస్తుంది, ఆ కబురు ఎవరి ద్వారా, ఏ సాధనం ద్వారా అందుతుంది, కరెంటు పోయి ఫోను పనిచేయకపోతే ఎలా అందుతుంది?

3. ఇంట్లో సాయం లేకుండా కదలలేనివారు ఎవరు, వారిని తీసుకువెళ్ళే బాధ్యత ఎవరిది?

4. ఎక్కడికి వెళ్ళాలి, ఏ దారిన వెళ్ళాలి, ఆ దారి మునిగితే రెండవ దారి ఏది, వేర్వేరు చోట్ల ఉన్నవారు ఎక్కడ కలుసుకోవాలి?

5. వెంట ఏమి తీసుకువెళ్ళాలి?

ఐదవ ప్రశ్నకు జవాబుగా ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, చదువు పత్రాలు నీరు చొరని సంచిలో ఒకేచోట ఉండాలి; వాటితోపాటు వారం రోజుల మందులు, టార్చిలైటు, తాగునీరు, అటుకులు, బెల్లం వంటి వండనక్కరలేని ఆహారం, కొంత నగదు సిద్ధంగా ఉండాలి. ఇల్లు విడిచేటప్పుడు కరెంటు మెయిన్ ఆపి, గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, పశువుల పలుపులు విప్పాలి. అత్యవసర సాయానికి 112, రాష్ట్ర విపత్తు నిర్వహణ కేంద్రానికి 1070, జిల్లా కంట్రోల్ రూముకు 1077 నంబర్లు గోడ మీద రాసి ఉంచాలి.

ఊరి లెక్క పంచాయతీ, సచివాలయ సిబ్బంది, ఆశా కార్యకర్త, మత్స్యకార సంఘం, స్వయం సహాయక సంఘాల మహిళలు కలిసి తయారు చేయవలసినది. సహాయం లేకుండా కదలలేనివారి పేర్ల జాబితా, పడవలు, ట్రాక్టర్లు, జనరేటర్లు ఎవరి దగ్గర ఉన్నాయన్న వివరం, రక్షిత భవనం తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటాయన్న స్పష్టత, అక్కడ మరుగుదొడ్డి, నీటి సరఫరా పనిచేస్తున్నాయా అన్న తనిఖీ అందులో ఉండాలి. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌కు ముందొకసారి, అక్టోబరుకు ముందొకసారి ఈ జాబితాను సరిచూసి, జనాన్ని నిజంగా నడిపించి అభ్యాసం చేయించాలి. కొండపావులూరులో జాతీయ విపత్తు ప్రతిస్పందన దళపు పదవ బెటాలియన్ సిద్ధంగా ఉన్నా, దారులు తెగిన మొదటి గంటల్లో మనిషిని ఆదుకునేది పక్కింటివారే. వారికి తర్ఫీదు ఉంటే ఆ సాయం ప్రాణం నిలుపుతుంది, లేకపోతే సాయానికి వెళ్ళినవారు కూడా బాధితులవుతారు.

హెచ్చరిక వచ్చి, తుపాను దిశ మారి, ఏమీ జరగని సందర్భాలు ఉంటాయి. ఆ రాత్రి రక్షిత భవనంలో గడపడం వృథా అయిందన్న భావన పెరిగితే, తరువాతి హెచ్చరికకు జనం కదలరు. ఊరు ఆ తరలింపును ఖర్చు లేకుండా జరిగిన అభ్యాసంగా లెక్కించుకుని, ఎవరు ఆలస్యంగా చేరారో, ఏ దారి ఇరుకైందో, ఎవరి పేరు జాబితాలో తప్పిపోయిందో మరునాడే రాసుకోవాలి. 1977కూ 1990కీ మధ్య ఈ తీరం సాధించిన మార్పు ప్రభుత్వ ఉత్తర్వులతోపాటు, ఇల్లు వదిలి నడవడానికి అంగీకరించిన లక్షల మంది నిర్ణయం వల్ల సాధ్యమైంది. తరువాతి తుపానుకూ, వరదకూ అదే నిర్ణయాన్ని మరింత ముందుగా, మరింత క్రమంగా, ఏ ఒక్కరినీ వెనక వదలకుండా తీసుకోగలిగేలా తయారుకావడం ఈ డెల్టాలోని ప్రతి కుటుంబానికీ, ప్రతి పంచాయతీకీ ఉన్న బాధ్యత.